పెట్రోలునకు పెట్టవలసిన పరీక్ష

గోదావరి డెల్టాలో ఏ పెట్రోలు బంకు కడ ఆగినను, నేడు బండిలో పోయించుకొనుచున్నది కేవలము భూగర్భమునుండి తీసిన నూనె కాదు. దానిలో ఇంచుమించు ఐదింట ఒక వంతు పొలమునుండి వచ్చినది. చెరకు రసమునో, పంచదార తీయగా మిగిలిన మడ్డినో, మొక్కజొన్ననో, నూకలనో పులియబెట్టి, బట్టీపట్టి తీసిన మద్యసారమును పెట్రోలులో కలుపుచున్నారు. ఈ మద్యసారమునకే ఇథనాలు అని పేరు. నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలును ఇ-20 అని వ్యవహరింతురు. ఇది వట్టి పెట్రోలుకంటె శుభ్రముగా మండునని చెప్పుదురు. ఆ మాట చాలవరకు నిజమే. అయినను ఇంధనము శుభ్రముగా మండుట ఒక సంగతి, అది బండికి సరిపడుట వేరొక సంగతి. ఆ రెండింటిని పరీక్షింపవలెను. పరీక్షించిన పిదప ఫలితమును బండి గలవానికి తెలియజెప్పవలెను. పరీక్షలు కొంతవరకు జరిగినవి. తెలియజెప్పుట మాత్రము జరుగవలసినంతగా జరుగలేదు.

పెట్రోలులో మద్యసారమును కలుపవలెనను తలంపు క్రొత్తది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడే, 1948లో, ఇందుకొరకు భారతదేశమున ఒక చట్టము చేసిరి. ముడినూనె చౌకగా దొరకుచున్న దినములలో ఆ చట్టమునకు పని అంతగా కలుగలేదు. 2000వ సంవత్సరమున దానిని రద్దు చేసిరి. రద్దయిన మూడేండ్లకే, 2003 జనవరిలో, ఆంధ్రప్రదేశముతో కూడ తొమ్మిది రాష్ట్రములలో నూటికి ఐదు పాళ్ల ఇథనాలు కలుపవలెనని నిర్ణయమైనది! ప్రభుత్వముల నడక ఒక్కొక్కప్పుడు ఇట్లే యుండును. ఆ నిర్ణయము కూడ చాలకాలము కాగితముమీదనే నిలిచినది. 2013-14లో దేశమంతటికిని సగటున కలిసినది నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. అటుపిమ్మట వేగము హెచ్చినది. 2022 జూను నాటికి పది పాళ్లు, 2025 నాటికి ఇరువది పాళ్లు కలిసినవి. మొదట ఇరువది పాళ్లకు పెట్టుకొన్న గడువు 2030. దానిని ఐదేండ్లు ముందునకు జరిపిరి.

ఈ మార్పు డెల్టాకు రెండు విధముల సంబంధించినది. బండ్లు నడుపువారు ఇక్కడ గలరు. ఇథనాలునకు కావలసిన పంటలు పండించువారును ఇక్కడనే గలరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరము ఆనకట్ట ఈ భూములకు నీరిచ్చినది; ఆ నీటిమీద వరియు చెరకును పెరిగినవి. తణుకులో 1947లో స్థాపితమైన ఆంధ్ర షుగర్స్ సంస్థ చెరకునుండి పంచదారయు, మడ్డినుండి మద్యసారమును తీసిన సంస్థలలో ఒకటి. అదే తణుకులో రాకెట్లలో వాడు ద్రవ ఇంధనము కూడ తయారగునని చాలమందికి తెలియదు. గోకవరము మండలములోని గుమ్మళ్లదొడ్డి కడ నూకలు, పాడైన ధాన్యము, మొక్కజొన్న మొదలగువానినుండి ఇథనాలు తీయు కర్మాగారమునకు 2022లో శంకుస్థాపన జరిగినది. రంగు మారిన ధాన్యమును ఏమి చేయవలెనో తోచక తుపాను వెళ్లిన మరునాడు కళ్లములో కూర్చుండు రైతునకు, ఆ ధాన్యమునకును ఒక వెల కలదని తెలియుట చిన్న సంగతి కాదు.

ఇథనాలు శుభ్రముగా ఏల మండును? దాని బరువులో మూడవవంతునకు పైగా ప్రాణవాయువే యున్నది. పెట్రోలులో అది లేదు. కట్టెలపొయ్యిలో గాలి చాలనప్పుడు పొగ యెక్కువగుట ప్రతి యింట తెలిసినదే. ఇంజను సిలిండరులోను అంతే. గాలి చాలక సగము మండిన పెట్రోలునుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. ఇంధనములోనే కొంత ప్రాణవాయువు ఉన్నచో ఆ విషవాయువు తగ్గును. ఇదిగాక ఇథనాలునకు ఆక్టేను సంఖ్య హెచ్చు. అనగా సిలిండరులో నొక్కుడు పడినప్పుడు, నిప్పురవ్వ రాకముందే తొందరపడి మండి ఇంజనును తట్టదు.

లోపము కూడ కలదు. లీటరు ఇథనాలును మండించినచో వచ్చు వేడి, లీటరు పెట్రోలునుండి వచ్చు వేడిలో సుమారు మూడింట రెండువంతులు మాత్రమే. కావున అదే దూరము పోవుటకు కొంత ఎక్కువ ఇంధనము కావలెను. అది నీటిని పీల్చుకొనును. కొన్ని రకముల రబ్బరును ఉబ్బజేయును. కొన్ని లోహములను తినివేయును. బండిలోని పైపులు, వాషర్లు, కార్బ్యురేటరు, ట్యాంకు లోపలి పూత, వీనిలో ఏది తట్టుకొనును, ఏది తట్టుకొనదు? తెలిసికొనుటకే పరీక్షలు.

పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్, డెహ్రాడూనులోని పెట్రోలియం పరిశోధన సంస్థ, ఇండియన్ ఆయిల్ సంస్థవారి పరిశోధన కేంద్రము కలిసి 2014-15 ప్రాంతమున ఇ-20 మీద ఇట్టి పరీక్షలు చేసినవి. అట్టివి ఎట్లు చేయుదురో తెలిసికొనుట విద్యార్థులకు ఆసక్తికరము. బండిని కదలకుండ కట్టి, దాని చక్రములను గుండ్రని ఇనుప రోలర్లమీద నిలుపుదురు. ఇంజను తిరుగును, చక్రము తిరుగును, రోలరును తిరుగును, బండి మాత్రము ఉన్నచోటనే యుండును. ఊరిలో ఆగి ఆగి పోవునట్లును, రహదారిలో వేగముగా పోవునట్లును ముందుగా వ్రాసిపెట్టిన క్రమము ప్రకారము దానిని నడుపుదురు. పొగగొట్టమునుండి వచ్చు వాయువును సంచులలో పట్టి, ఏ వాయువు ఎంత కలదో కొలుతురు. చల్లారిన ఇంజను మొదటి తన్నుతో లేచినదా, వేడెక్కిన ఇంజను ఆగి మరల లేచినదా అని చూతురు. వేరొక గదిలో రబ్బరు ముక్కలు, ప్లాస్టిక్కు ముక్కలు, లోహపు బిళ్లలు ఇంధనములో నానవేసి యుండును. వారములు గడచిన పిదప వానిని తీసి తూచుదురు. బరువు పెరిగినదా, గట్టితనము పోయినదా, సాగదీసినచో తెగుచున్నదా అని పరిశీలింతురు. ఈ పని మిక్కిలి ఓర్పు గల పని. దీనికి ఎవరును చప్పట్లు కొట్టరు. కాని బండి నడిరోడ్డుమీద నిలిచిపోకుండుట ఆ నానవేసిన ముక్కల పుణ్యమే.

ఈ పరీక్షల ఆధారముతో నీతి ఆయోగ్ 2021లో ప్రకటించిన నివేదికలో ఫలితములు కలవు. వట్టి పెట్రోలుతో పోల్చినప్పుడు ఇ-20 వాడకమువలన ద్విచక్రవాహనములలో కార్బన్ మోనాక్సైడు సగమునకు, నాలుగు చక్రముల వాహనములలో సుమారు నూటికి ముప్పదివంతులు తగ్గును. మండక మిగిలిన హైడ్రోకార్బనులు నూటికి ఇరువదివంతులు తగ్గును. నత్రజని ఆక్సైడుల విషయమున స్పష్టమైన మేలుగాని కీడుగాని కనబడలేదు. ఇక మైలేజి సంగతి. పాత పద్ధతిలో వట్టి పెట్రోలునకు నిర్మించి, పది పాళ్ల మిశ్రమమునకు సవరించిన కార్లలో నూటికి 6 నుండి 7 వంతులు, ద్విచక్రవాహనములలో 3 నుండి 4 వంతులు తగ్గును. పది పాళ్ల మిశ్రమమునకే నిర్మించి ఇరువది పాళ్లకు సవరించిన కార్లలో తగ్గుదల ఒకటి రెండు వంతులు మాత్రమే.

నూటికి మూడు నాలుగు వంతులనగా ఎంత? రావులపాలెమునుండి అమలాపురమునకు మోపెడుమీద అరటిగెలలు చేరవేయువాడు ఒకడు కలడనుకొందము. లీటరునకు 50 కిలోమీటర్లు వచ్చుచున్నచోట ఇకమీద 48 వచ్చును. రోజునకు లీటరు వాడువానికి నెలతిరుగునప్పటికి సుమారు ఒక లీటరు పెట్రోలు అదనముగా కావలెను. నూరు రూపాయలకు పైబడిన ఆ ఖర్చుతో అతని సంసారము కూలిపోదు. కాని అతనికి ఆ సంగతి ఎవరును చెప్పలేదు. బండి పాడైనదనుకొని అతడు మెకానిక్కు కడకు పోవును. మెకానిక్కు కార్బ్యురేటరు విప్పును. ఆ ఖర్చు నివేదికలో లేదు.

పరీక్ష అనునది అడిగిన ప్రశ్నకే బదులు చెప్పును, అడుగనిదానికి చెప్పదు. లోకములో ఇంధనముల చరిత్రను చూచినచో ఈ సంగతి బాగుగా తెలియును. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అను ఇంజనీరు పెట్రోలులో కొద్దిగా సీసపు సమ్మేళనము కలిపినచో ఇంజను తట్టకుండ నడచునని కనుగొనెను. ఇంజను పరీక్షలో అది నెగ్గినది. 1923లో అమ్మకమునకు వచ్చెను. మరుసటి యేడే న్యూజెర్సీలోని బేవే కర్మాగారములో ఆ సీసపు విషమువలన ఐదుగురు పనివారు మరణించిరి. ఇంజను తట్టకుండ చేయుటకు మద్యసారము కూడ పనికివచ్చునని ఆ దినములలోనే తెలియును. అయినను సీసమే గెలిచినది. దాదాపు శతాబ్దము ప్రపంచములోని పిల్లలు ఆ సీసమును గాలితో పీల్చిరి. అది వారి మెదడు ఎదుగుదలకు చేటు. భారతదేశమున 2000 ఫిబ్రవరిలో సీసపు పెట్రోలు అమ్మకము నిలిచెను. ప్రపంచమున కడపటిసారిగా అల్జీరియాలో 2021 జూలైలో నిలిచెను.

రెండవ ఉదాహరణము కాలిఫోర్నియాది. అక్కడి నగరములలో పొగమంచు కమ్ముటవలన 1996లో శుభ్రముగా మండు క్రొత్త పెట్రోలును ప్రవేశపెట్టిరి. అమ్మకమునకు ముందు చేసిన పరీక్ష ప్రశంసింపదగినది. 800కు పైగా వాహనములలో, పాతవానిలోను క్రొత్తవానిలోను, దానిని పోసి నడిపించిరి. మైలేజి నూటికి ఒకటినుండి మూడు వంతులు తగ్గునని ముందుగానే ప్రజలకు చెప్పిరి. బండ్లు చక్కగా నడచినవి, గాలి శుభ్రపడెను. కాని ఆ పెట్రోలులో ప్రాణవాయువు కొరకు కలిపిన ఎం.టి.బి.ఇ. అను రసాయనము భూమిలోని ట్యాంకుల బీటలనుండి కారి బావులలో చేరినది. అది నీటిలో తేలికగా కరగును, త్వరగా విరిగిపోదు. కొంచెము చేరినను నీరు త్రాగ వీలులేకుండ వాసన కొట్టును. 1996లోనే శాంతామోనికా నగరమువారు తమ త్రాగునీటి బావులు అనేకము మూసివేయవలసి వచ్చెను. 1999లో ఆ రాష్ట్ర గవర్నరు ఆ రసాయనమును విడనాడుటకు ఆజ్ఞ ఇచ్చెను. 2003 చివరకు దాని వాడుక నిలిచి, ఆ స్థానమున ఇథనాలు చేరినది. ఇంజనును వందల విధముల ప్రశ్నించినవారు బావిని ప్రశ్నింపకపోయిరి.

ఇథనాలు విషయమున బావికి అంత భయము లేదు. నేలలోని సూక్ష్మజీవులు దానిని త్వరగా తినివేయును. కాని డెల్టాలో అడుగవలసిన ప్రశ్నలు వేరే యున్నవి. మొదటిది తడి. జ్యేష్ఠము వెళ్లినది మొదలు కార్తికము వరకు ఇక్కడి గాలి తడిసియే యుండును. ఉప్పుజాడీలో నీరూరును, అప్పడములు మెత్తబడును, తలుపుచెక్కలు ఉబ్బి గడియ పడదు. ఇట్టి గాలిలో సగము నిండిన ట్యాంకుతో బండి వారములకొలది నిలిచియున్నచో ఇథనాలు ఆ తడిని కొంత లోనికి తీసికొనును. కొద్ది నీరైనచో పెట్రోలుతో కలిసి ఇంజనులో ఆవిరియై పోవును. అందువలన కీడు లేదు సరిగదా, వట్టి పెట్రోలులో అడుగున నిలిచెడి నీటిబొట్టు ఇందులో నిలువకపోవుట ఒక విధముగా మేలే. నీరు ఒక హద్దు మించినప్పుడే చిక్కు. అప్పుడు ఇథనాలు పెట్రోలును విడిచి నీటితో జతగూడి అడుగునకు దిగును. పైన మిగిలిన పెట్రోలునకు ఆక్టేను తగ్గును. అడుగున ఉన్నది మండదు, పైగా ట్యాంకు లోహమును తినును. 1986 ఆగస్టులో వచ్చినట్టి వరద వచ్చి బంకులోని భూగర్భపు ట్యాంకులో నీరు చొరబడినచో పాతకాలపు పెట్రోలునకంటె ఈ పెట్రోలునకు ఎక్కువ జాగ్రత్త కావలెను.

రెండవది మందు చల్లు యంత్రము. తైవాన్ స్ప్రేయరని పల్లెలలో పిలుచు ఆ చిన్న పెట్రోలు యంత్రము లేని వరి ఊరు నేడు అరుదు. దానిని ఏటికి కొన్ని దినములే వాడుదురు. పంట కోసిన పిదప ట్యాంకులో మిగిలినది మిగిలినట్లే కొట్టములో మూల పెట్టుదురు. మరల సార్వా నాట్లు పడువరకు దాని ముఖము చూచువారు లేరు. రబ్బరు గొట్టము నెలల తరబడి ఇథనాలులో నానుచుండును. పరీక్షశాలలో రబ్బరు ముక్కను నానవేసి చూచుట ఎందుకో ఇక్కడ అర్థమగును. నివేదికలు ప్రధానముగా ద్విచక్రవాహనములను, కార్లను గూర్చి పలుకును. ఈ యంత్రమును గూర్చి రైతునకు బంకులో చెప్పువారు లేరు. ఏ పెద్దరైతైనను “ఏమి బాబూ, ఇందులో ఏమి కలిపినారు?” అని అడిగినచో, “ఆయ్, కంపెనీవారు పంపినదే పోస్తామండి, మాకేం తెలుస్తుందండి” అని కుర్రవాడు వినయముగా బదులు చెప్పును. ఆ కుర్రవానిని తప్పు పట్టుట న్యాయము కాదు. అతనికిని ఎవరును చెప్పలేదు.

మూడవది బండి వయస్సు. ఇ-20ని తట్టుకొను రబ్బరు, లోహములతో వాహనములు తయారగుట 2023 ఏప్రిలునుండి మొదలైనది. ఆ ఇంధనమునకే ఇంజనును సవరించి అమ్ముట 2025 ఏప్రిలునుండి. దీనికి ముందు కొన్న బండ్లు డెల్టా పల్లెలలో ఎన్నియో కలవు. తండ్రి నడిపిన స్కూటరునే కొడుకు నడుపుచుండుట ఇక్కడ వింత కాదు. పట్టణములో స్థితిమంతుడు ఐదేండ్లకు బండి మార్చును. అతడు వదలిన బండిని పల్లెలో వేరొకడు పదేండ్లు నడుపును. కావున క్రొత్త ఇంధనమువలన కలుగు ఇబ్బంది, ఎవరికి ఓర్చుకొను శక్తి తక్కువయో వారి కడకే ముందుగా పోవును.

2025 వేసవి గడచిన పిదప ఈ విషయమై దేశమంతట పెద్ద వాదము చెలరేగెను. ఇ-20 వలన ఇంజనులే చెడిపోవుచున్నవని కొందరు, అదంతయు కట్టుకథయని కొందరు పలికిరి. మైలేజి తగ్గుదల స్వల్పమేననియు, కొన్ని పాత వాహనములలో ఇరువది, ముప్పదివేల కిలోమీటర్లు నడచిన పిదప కొన్ని రబ్బరు భాగములు మార్చుకొనవలసి రావచ్చుననియు, ఆ ఖర్చు కొద్దిపాటిదేననియు పెట్రోలియం మంత్రిత్వశాఖ ప్రకటించెను. ఇథనాలు కలియని పెట్రోలును కూడ అందుబాటులో ఉంచవలెనని కోరిన వ్యాజ్యమును సెప్టెంబరు 1వ తేదీన సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఇంజనులు గుంపులు గుంపులుగా కాలిపోవుచున్నవను మాట నమ్మదగినది కాదు. బ్రెజిల్ దేశము 1975 నుండి చెరకు ఇథనాలును పెద్దయెత్తున వాడుచున్నది. అక్కడ బండ్లు నడచుచునే యున్నవి. అయితే బ్రెజిల్‌లో ఆ ఇంధనమునకు తగిన బండ్లను ఏండ్ల తరబడి తయారుచేసికొనుచు వచ్చిరి. ఇక్కడ పది పాళ్లనుండి ఇరువదికి మూడేండ్లలో చేరిరి. బండ్లు అంత వేగముగా మారవు.

ఇథనాలును వలదనుట తెలివి కాదు. దేశమునకు కావలసిన ముడినూనెలో నూటికి ఎనుబదియైదు వంతులకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. ఆ ధనములో కొంత చెరకు రైతునకు, ధాన్యపు రైతునకు చేరుట మంచిదే. అయినను నీటి లెక్కను మరువరాదు. చెరకునుండి లీటరు ఇథనాలు తీయుటకు 2,860 లీటర్ల నీరు కావలెనని నీతి ఆయోగ్ నివేదికయే చెప్పినది. గోదావరి పారు చోట అది చెల్లును, అంతటను చెల్లదు. తినదగిన బియ్యముకంటె నూకలు, రంగు మారిన ధాన్యము, పంచదార మడ్డి ఇందుకు వినియోగించుటయే ఉత్తమము. 2023 జూలైలో ధరలు పెరుగునను భయముతో ఇథనాలు తయారీకి ఆహారసంస్థ బియ్యమును ఇచ్చుట ప్రభుత్వము నిలిపివేసినది. వంటకుండకును ట్యాంకునకును పోటీ వచ్చినప్పుడు ఏది ముందో అప్పుడు నిర్ణయింపవలసి వచ్చినది.

పరీక్షల విషయమున మాత్రము రాజమహేంద్రవరము, కాకినాడలవారు పుణె వైపు చూచుచు కూర్చుండ నక్కరలేదు. 1946లో స్థాపితమైన ఇంజనీరింగు కళాశాల కాకినాడలో నేడు విశ్వవిద్యాలయమై యున్నది. పాలిటెక్నిక్కు విద్యాలయములు ఉన్నవి. పది పదునైదేండ్లు నడచిన మోపెడులు, స్కూటర్లు కొన్నింటిని ఎన్నుకొని, రెండు వానకాలములు వానికి ఇ-20 మాత్రమే పోసి, నెలనెలా మైలేజి వ్రాసి, ఏడాదికొకసారి పైపులు వాషర్లు విప్పి తూచుట విద్యార్థులు చేయదగిన పని. మందు యంత్రములను ఇథనాలుతో నింపి కొట్టములో నిలువబెట్టి చూచుట అంతకంటె సులభము. దీనికి కావలసినది ఒక త్రాసు, ఒక కొలపాత్ర, తప్పక వ్రాయు నోటుపుస్తకము. ఫలితము ఇథనాలునకు అనుకూలమైనచో మెకానిక్కుల దుకాణములలోని వదంతులు చల్లారును. ప్రతికూలమైనచో ఏ భాగమును మార్చవలెనో తెలియును. ఆ భాగపు వెలను పాత బండి గలవాడు ఒక్కడే భరింపవలెనా, నూనె కంపెనీలును బండ్లు చేసిన కంపెనీలును పంచుకొనవలెనా అనునది అప్పుడు లెక్కతో మాటలాడవచ్చును. పంచుకొనుటయే న్యాయము, ఏలయన ఇంధనమును మార్చవలెనని నిర్ణయించినవాడు పాత బండి గలవాడు కాడు.

అంతవరకు చేయవలసిన పని ఒకటి కలదు. వడకట్టు కాగితముతో పెట్రోలును పరీక్షించుకొను హక్కును, ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిపించుకొను హక్కును కొనువానికి ఇదివరకే కలవు. వాని సరసనే పంపుమీద ఒక పలక వేలాడవలెను. ఈ పెట్రోలులో ఇథనాలు ఎంత కలదో, మైలేజి ఎంత తగ్గవచ్చునో, 2023 ఏప్రిలునకు ముందు తయారైన బండిలో ఏయే రబ్బరు భాగములు చూపించుకొనవలెనో, మందు యంత్రమును కొట్టములో పెట్టుటకు ముందు ట్యాంకు ఎందుకు వంచివేయవలెనో దానిమీద వ్రాయవలెను. అక్షరములు పెద్దవిగా, తెలుగులో ఉండవలెను.